ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్: వేడెక్కకుండా, హ్యాంగ్ అవ్వకుండా చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడుకి మించి నడపడం. ఇది మొదలుపెట్టే చాలామంది ముందు ఒక అంకె పెట్టుకుంటారు. 5.5 గిగాహెర్ట్జ్ కొట్టాల్సిందే అని. ఇక అది వచ్చేదాకా వోల్టేజీ పెంచుకుంటూ పోతారు. ఈ గైడ్‌లో పద్ధతి దానికి పూర్తిగా రివర్స్. మీ కూలర్ ఎంత వేడిని బయటికి పంపగలదు, చిప్‌కి ఎంత వోల్టేజీ దాకా ఇవ్వడానికి మీరు సిద్ధం, ఈ రెండూ ముందు తేల్చుకోండి. ఆ గీతలు దాటకుండా ఎంత స్పీడు వస్తే అదే మీ ప్రాసెసర్ స్పీడు. పక్కవాళ్ల స్క్రీన్‌షాట్‌లో ఉన్న అంకె మీకు రాకపోవచ్చు, ఎందుకంటే ఒకే మోడల్ చిప్‌లు రెండు పక్కపక్కన పెట్టినా ఒకటి తక్కువ వోల్టేజీతో పరిగెత్తుతుంది, ఇంకోటి మొరాయిస్తుంది. సిలికాన్ లాటరీ అనేది దీన్నే.

ఎందుకింత వేడి గోల అంటే, లెక్క ఇలా ఉంటుంది. ప్రాసెసర్ స్పీడు అంటే బేస్ క్లాక్‌ని మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేది. బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 52 పెడితే 5.2 గిగాహెర్ట్జ్. చిప్ తినే కరెంటు మాత్రం స్పీడుతో పాటు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 1.25 వోల్టుల దగ్గర 5.0 గిగాహెర్ట్జ్‌లో నడుస్తున్న చిప్‌ని 5.2కి తేవడానికి 1.35 వోల్టులు కావాల్సి వచ్చిందనుకోండి: స్పీడు పెరిగింది 4 శాతం, పవర్ పెరిగేది సుమారు 21 శాతం. వేడి పెరిగే కొద్దీ చిప్ లోపల లీకేజీ కూడా పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క దీనికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే చాలు, చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం ఎందుకు పోట్లాడకూడదో అర్థమవుతుంది.

మీ ప్రాసెసర్ ఒప్పుకుంటుందా

ఇంటెల్‌లో పేరు చివర కె, కెఎఫ్, కెఎస్ ఉన్న చిప్‌లకే మల్టిప్లయర్ తెరిచి ఉంటుంది, దానికి తోడు జెడ్ సిరీస్ మదర్‌బోర్డ్ (జెడ్690, జెడ్790, జెడ్890 లాంటివి) కావాలి. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ స్పీడు మార్చుకోవచ్చు కానీ మల్టిప్లయర్ కదలదు. ఏఎండీలో రైజెన్ డెస్క్‌టాప్ చిప్‌లు దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి, బి550, ఎక్స్570, బి650, ఎక్స్670 బోర్డులు సరిపోతాయి, ఏ520, ఏ620 మాత్రం పనికిరావు. ఎక్స్3డీ చిప్‌లతో జాగ్రత్త: 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీలలో మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది, 9800ఎక్స్3డీలో లేదు.

ఇంకోటి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2011లో వచ్చిన 2500కె లాంటి చిప్ 3.3 గిగాహెర్ట్జ్ మామూలు స్పీడుతో వచ్చి ఒక మాదిరి కూలర్ మీదే 4.5 అందుకునేది, అది నిజంగా పండగ. ఇప్పటి చిప్‌లను కంపెనీలే దాదాపు అంచుదాకా నడిపి అమ్ముతున్నాయి కాబట్టి అంత మిగులు ఉండదు. చాలా సందర్భాల్లో మీకు దక్కేది కొద్ది శాతం స్పీడు, లేదా అదే స్పీడుకి తక్కువ వేడి. నన్నడిగితే రెండోదే ఎక్కువ లాభం.

వారంటీ సంగతి కూడా ముందే తెలుసుకోండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే వారంటీ రాకపోవచ్చని ఇంటెల్, ఏఎండీ రెండూ చెబుతాయి, ఏఎండీ విషయంలో పీబీఓ (చిప్ తనంతట తాను ఇంకాస్త ఎక్కువ స్పీడు పెంచుకోనిచ్చే సెట్టింగ్) కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

బయోస్‌లోకి వెళ్లే ముందు

ముందుగా డేటా బ్యాకప్. స్థిరంగా లేని ప్రాసెసర్ చేసే అసలు నష్టం బ్లూ స్క్రీన్ కాదు, అది తప్పు లెక్క కట్టి ఆ తప్పునే ఫైల్‌లో రాసేయడం. ఫొటోలు, ప్రాజెక్టులు ఉన్న డిస్క్‌తో ప్రయోగాలు చేస్తున్నారంటే వాటి కాపీ ఈ కంప్యూటర్ బయట ఒకటి ఉండి తీరాలి. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసిపెట్టుకోండి, బయోస్ (మదర్‌బోర్డ్ సెట్టింగ్‌లు ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసినా (అంటే ఆ సెట్టింగ్‌లను మొదటికి తెచ్చినా) తర్వాతి బూట్‌లో అది కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కోవడం మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

తర్వాత బయోస్‌ని కొత్త వెర్షన్‌కి తెచ్చుకోండి. ఇంటెల్ 13, 14 తరం చిప్‌లు వాడేవాళ్లకు ఇది తప్పనిసరి. కొన్ని పరిస్థితుల్లో ఆ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి మెల్లగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ప్రకటించి, 0ఎక్స్129, ఆ తర్వాత 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (బయోస్‌తో పాటు వచ్చే, చిప్ పనితీరుని సరిచేసే కోడ్) ఇచ్చింది, వారంటీని కూడా రెండేళ్లు పొడిగించింది. అవి లేని పాత బయోస్ మీద ఓవర్‌క్లాక్ చేయకండి. ఏఎండీ వైపు చూస్తే, 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయిన తర్వాత ఎస్ఓసీ వోల్టేజీని (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి వెళ్లేది) 1.3 దగ్గర ఆపేసే బయోస్‌లు వచ్చాయి. ఏఎం5 (రైజెన్ 7000తో వచ్చిన సాకెట్) బోర్డు మీదైతే ఆ 1.3 గీత దాటే ఆలోచన కూడా వద్దు.

మీ బోర్డులో సీమాస్ క్లియర్ ఎలా చేయాలో ముందే చూసుకోండి: వెనక బటన్ ఉందా, జంపర్ పిన్నులా, లేక గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టాలా అని. స్క్రీన్ నల్లగా ఉండిపోయినప్పుడు మాన్యువల్ వెతుక్కోవడం కంటే ఇది నయం. బయోస్‌లో ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ర్యామ్‌ని ఎక్కువ స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్‌లో ఉంటే ప్రస్తుతానికి ఆపేయండి. ర్యామ్ తప్పో కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) తప్పో తెలియని పరిస్థితి వస్తే రోజులు రోజులు అందులోనే పోతాయి.

సాఫ్ట్‌వేర్: సెన్సర్ల కోసం హెచ్‌డబ్ల్యూఇన్ఫో64, పరీక్షల కోసం సినీబెంచ్ ఆర్23, ప్రైమ్95, ఓసీసీటీ, వై-క్రంచర్, రైజెన్ ఉంటే కోర్‌సైక్లర్. ఇంతకు మించి అక్కర్లేదు. మదర్‌బోర్డ్ కంపెనీ ఇచ్చే విండోస్ ట్యూనింగ్ యాప్‌లు వేయకండి, బయోస్‌లో మీరు పెట్టినదాని మీద అవి వేరే సెట్టింగ్ రుద్దితే ఏది పనిచేస్తోందో తెలియదు.

కూలింగ్

కూలర్ ఎంత పెద్దదన్నదానికంటే ముందు అది సరిగ్గా కూర్చుందా అన్నది చూడండి. కింద ప్లాస్టిక్ పొర తీశారా, స్క్రూలు ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత ఇంకో మూలకి వెళ్లకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించారా, పేస్ట్ అంచులదాకా పరుచుకుందా. ఒక కోర్ మిగతావాటికంటే 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే కూలర్ తీసి మళ్లీ బిగించి చూడండి. ఇంటెల్ 12 నుంచి 14 తరాల ఎల్‌జీఏ1700 సాకెట్‌లో క్లిప్ బిగింపు వల్ల చిప్ మూత కొద్దిగా వంగుతుంది, కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గే అవకాశం ఉంది.

లిక్విడ్ కూలర్ అయితే పంప్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగాలి, ఫ్యాన్ కర్వ్‌కి దాన్ని కట్టేయొద్దు. పంప్ మొత్తం లూప్‌లో అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు, లోపలి గాలి బుడగ వచ్చి అక్కడ చేరుతుంది. రేడియేటర్‌ని పైన బిగించడం మంచిది. ఇక లిక్విడ్ కూలర్ వాడేవాళ్లు మర్చిపోయే విషయం వీఆర్ఎం, అంటే బోర్డు మీద చిప్‌కి వోల్టేజీ అందించే భాగాలు. ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి సాకెట్ చుట్టూ ఉన్న పవర్ భాగాలకు కూడా తగులుతుంది, లిక్విడ్‌తో ఆ గాలి ఉండదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ఎం ఉష్ణోగ్రత కనిపిస్తే దానిమీద ఒక కన్నేయండి, లోడ్‌లో 90 దాటుతుంటే వెనక ఫ్యాన్ స్పీడు పెంచండి.

గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. కాబట్టి చల్లటి పూట ట్యూన్ చేస్తే పైన ఆ మేరకు మిగులు ఉంచుకోండి.

ఏమీ మార్చకుండా మొదటి కొలత

బయోస్ డిఫాల్ట్‌లో పెట్టి సినీబెంచ్ ఆర్23 మల్టీ కోర్ పది నిమిషాలు నడపండి. స్కోరు, అత్యధిక ఉష్ణోగ్రత, ప్యాకేజ్ పవర్ (చిప్ మొత్తం తినే వాట్లు), లోడ్‌లో వీకోర్ (కోర్లకు అందే వోల్టేజీ), కోర్ల స్పీడు, ఈ ఐదూ రాసుకోండి. ఇకపైన ప్రతి మార్పునీ దీనితోనే పోల్చాలి.

ఇక్కడే కొందరికి షాక్ తగులుతుంది. ఇంకా ఏమీ ముట్టుకోకముందే చిప్ 100 డిగ్రీలు కొడుతుంది. చాలా జెడ్ బోర్డుల్లో, ముఖ్యంగా పాత బయోస్‌లలో, పవర్ లిమిట్ 4095 వాట్లని ఉంటుంది, అంటే లిమిట్ లేనట్టే. 14900కె లాంటి చిప్‌కి ఇంటెల్ చెప్పిన టర్బో పరిమితి 253 వాట్లు. మీ చిప్‌కి కంపెనీ చెప్పిన అంకె పెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ గరిష్ఠ ఉష్ణోగ్రతకి ఆనుకునే ఉంటే మీకు ఓవర్‌క్లాకింగ్‌కి చోటు లేదు, ముందు కూలింగ్ సంగతి చూడాలి, లేదా వోల్టేజీ తగ్గించే దారి పట్టాలి. రైజెన్ 7000లో చాలా చిప్‌లు ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలాగే తయారయ్యాయి, అక్కడ 95 కనిపించడం లోపం కాదు, కాకపోతే పైన ఖాళీ లేదని అర్థం.

నేను పెట్టుకునే గీతలు ఇవి: సినీబెంచ్ లాంటి లోడ్‌లో 85, ప్రైమ్95లోని చిన్న ఎఫ్ఎఫ్‌టీ (స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ) పరీక్ష లాంటి మొండి లోడ్‌లో 95 లోపు, అదీ గరిష్ఠ పరిమితి 100 ఉన్న చిప్‌లకు. 89 లేదా 90 పరిమితి ఉన్న రైజెన్‌లకు ఇంకా కిందే. ఇంటెల్ 12 నుంచి 14 తరాల్లో అన్ని కోర్లూ లోడ్‌లో ఉన్నప్పుడు వీకోర్ 1.35 దాటనివ్వను.

ఇంటెల్‌లో చేతితో ట్యూన్ చేయడం

పి-కోర్లన్నిటికీ (వేగంగా నడిచే పెద్ద కోర్లు) ఒకే మల్టిప్లయర్ వచ్చేలా సింక్ ఆల్ కోర్స్ పెట్టండి. ఇ-కోర్లు (పవర్ తక్కువ తినే చిన్నవి), రింగ్ (కోర్లను కలిపే దారి) డిఫాల్ట్‌లో వదిలేయండి. వోల్టేజీ మాన్యువల్ మోడ్‌లో 1.25. మొదటి మల్టిప్లయర్‌గా మీ చిప్ అన్ని కోర్ల లోడ్‌లో మామూలుగా చూపించే స్పీడునే పెట్టండి, అంటే ఇంకా ఏమీ పెంచలేదన్నమాట. వోల్టేజీ ఆటోలో వదిలేసి మల్టిప్లయర్ మాత్రం పెంచడం అన్నిటికంటే ప్రమాదకరం, బోర్డు తన భయం కొద్దీ 1.45 దాకా తోసేయొచ్చు.

ఇప్పుడు లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్, అంటే ఎల్‌ఎల్‌సీ: లోడ్‌లో వోల్టేజీ ఎంత దిగాలో చెప్పే సెట్టింగ్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. బయోస్‌లో 1.30 పెట్టారనుకుందాం. విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో 1.296 చూపిస్తుంది. ప్రైమ్95 స్టార్ట్ నొక్కగానే అది 1.235కి పడిపోతుంది. బోర్డు పాడైందేమో అని కంగారు పడకండి, చిప్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ కొంచెం దిగేలా డిజైన్ చేశారు. లోడ్ హఠాత్తుగా ఆగినప్పుడు వోల్టేజీ ఒక్కసారి పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు ప్రమాదకరమైన ఎత్తుకి పోకుండా ఈ దిగుడు కాపాడుతుంది. ఎల్‌ఎల్‌సీని గట్టిగా పెడితే దిగుడు పోతుంది, తెరమీద 1.30 చక్కగా నిలబడుతుంది, కానీ ఆ ఎగురుడు మైక్రోసెకన్లలో జరిగేది కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ సెన్సర్‌కీ దొరకదు, చిప్‌కి మాత్రం తగులుతుంది. అందుకే మధ్యలో ఉన్న స్థాయి చాలు. అంకెల విషయంలో మోసపోకండి, అసుస్ బోర్డుల్లో పెద్ద అంకె అంటే గట్టి స్థాయి, ఎమ్ఎస్ఐ, ఏఎస్‌రాక్‌లలో 1 అన్నది అన్నిటికంటే గట్టిది. బయోస్‌లో పక్కనే గ్రాఫ్ చూపిస్తే దాన్ని చూసి ఎంచుకోండి.

సేవ్ చేసి బూట్ చేయండి, సినీబెంచ్ ఒక రౌండ్. దాటితే మల్టిప్లయర్ ఒకటి పెంచండి. మళ్లీ బూట్, మళ్లీ సినీబెంచ్. ఒక్కసారికి ఒక్క మార్పే, ఎంత విసుగనిపించినా ఇది తప్పొద్దు. క్రాష్ అయ్యిందంటే 0.01 నుంచి 0.02 వోల్టులు పెంచి అదే మల్టిప్లయర్‌తో చూడండి. ఉష్ణోగ్రత గానీ వోల్టేజీ గానీ మీరు పెట్టుకున్న గీతని తాకిందంటే అక్కడ ఆగి, మల్టిప్లయర్ ఒకటి దించండి. 5.3కి 1.24 చాలినప్పుడు 5.4కి 1.34 అడుగుతోందంటే చిప్ తన హద్దు చెప్పేసినట్టే. 5.3 దగ్గర ఉండిపోండి.

అంతా తేలాక మాన్యువల్ మోడ్ నుంచి అడాప్టివ్‌కి మార్చుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ దానంతటదే తగ్గుతుంది. మార్చాక లోడ్‌లో వీకోర్ ముందు చూసినంతే ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి.

రైజెన్‌లో దారి వేరు

రైజెన్ 5000 నుంచి ఇటు వచ్చిన చిప్‌లలో అన్ని కోర్లకీ ఒకే స్పీడు బిగించడం దాదాపు నష్టమే. చిప్ ఒక్క కోర్ మీద తనంతట తాను ఎక్కే స్పీడు మీరు అన్ని కోర్లకూ పెట్టగలిగే స్పీడు కంటే ఎక్కువ, కాబట్టి ఆటల్లో వెనకపడతారు. ఇక్కడ పీబీఓ, దాంట్లో ఒక్కో కోర్‌కి వోల్టేజీ తగ్గించుకునే కర్వ్ ఆప్టిమైజర్ వాడాలి.

పీబీఓని అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, పీపీటీ (సాకెట్‌కి మొత్తం పవర్), టీడీసీ, ఈడీసీ (కరెంటు) లిమిట్లు మొదట డిఫాల్ట్‌లోనే ఉంచండి. 65 వాట్ల చిప్‌కి పీపీటీ 88, 105 వాట్ల ఏఎం4 (ఏఎం5కి ముందటి సాకెట్) చిప్‌కి 142 వాట్లు ఉంటుంది. స్కేలార్ ముట్టుకోవద్దు. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ నెగటివ్ 10 పెట్టి మొదలుపెట్టండి. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. వోల్టేజీ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన చోటులో చిప్ తనే స్పీడు పెంచుకుంటుంది. ఇంతకంటే అందమైన పద్ధతి ఓవర్‌క్లాకింగ్‌లో నాకు కనబడలేదు. 10 నిలబడితే 15, తర్వాత 20. కంపెనీ మంచి కోర్లుగా గుర్తించినవి అప్పటికే తక్కువ వోల్టేజీతో నడుస్తుంటాయి కాబట్టి అవి ముందు తిరగబడతాయి. వాటికి తక్కువ, మిగతావాటికి ఎక్కువ ఇచ్చుకోవాలి. ఇది తేలిన తర్వాతే బూస్ట్ ఓవర్‌రైడ్‌లో 50, 100 మెగాహెర్ట్జ్ కలపండి.

దీనికి పరీక్ష కూడా వేరు. కర్వ్ ఎక్కువైన చిప్ ఫుల్ లోడ్‌లో గంటలు గంటలు నిలబడి, మీరు బ్రౌజర్ తెరిచి ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు టప్పున రీస్టార్ట్ అవుతుంది. ఫుల్ లోడ్‌లో స్పీడు తక్కువ కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, ఒక్క కోర్ పై అంచుకి ఎక్కినప్పుడే వోల్టేజీ చాలదు. అందుకే ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ని రాత్రంతా నడపండి. రీస్టార్ట్ అయితే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది), ఈవెంట్ 18 వెతకండి. అందులో ఏ థ్రెడ్ దగ్గర తప్పు జరిగిందో చెప్పే ఏపిక్ ఐడీ ఉంటుంది. 8 కోర్లు, 16 థ్రెడ్ల చిప్‌లో దాన్ని 2తో భాగిస్తే కోర్ నంబర్ తెలుస్తుంది, లెక్క సున్నా నుంచి మొదలు. ఐడీ 6 అయినా 7 అయినా తప్పు 3వ నంబర్ కోర్‌దే, దాని కర్వ్ మాత్రం 3 నుంచి 5 అంకెలు వెనక్కి తీసుకోండి.

ఇంకో మోసం క్లాక్ స్ట్రెచింగ్. వోల్టేజీ చాలనప్పుడు రైజెన్ క్రాష్ అవ్వకుండా లోపల లోపలే నెమ్మదిస్తుంది. పైకి 5.0 అని చూపిస్తూనే ఉంటుంది, స్కోరు మాత్రం తగ్గుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస చూడండి, ఫుల్ లోడ్‌లో అది మామూలు క్లాక్‌కి దగ్గరగా లేకపోతే మీరు వెనక్కి నడుస్తున్నట్టే.

స్థిరత్వ పరీక్ష

సినీబెంచ్ దాటితే స్టేబుల్ అనుకోవడం చాలా సాధారణం, అది జల్లెడలో మొదటి వరుస మాత్రమే. దాని తర్వాత ఓసీసీటీ ఒక గంట, అది తప్పు లెక్క వస్తే కోర్ నంబర్‌తో సహా చెబుతుంది. తర్వాత వై-క్రంచర్, తర్వాత ప్రైమ్95 లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ కొన్ని గంటలు. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ మామూలు వాడకంలో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తుంది కాబట్టి దాన్ని కూలింగ్ పరీక్షగా ఒక అరగంట చాలు, అప్పుడు మీరు పక్కనే ఉండాలి.

పరీక్ష పాసైనా ఈవెంట్ వ్యూయర్ తెరవండి. వీయా లాగర్, ఈవెంట్ 19 కనిపిస్తే చిప్ తప్పు చేసి, తనే సరిదిద్దుకుందని. తెరమీద అంతా పచ్చగా ఉంటుంది, లోపల మాత్రం అంచుమీద నడుస్తోంది. కోర్ వోల్టేజీ 0.01 పెంచండి, లేదా మల్టిప్లయర్ దించండి, ఆ ఈవెంట్ పూర్తిగా ఆగేదాకా.

వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్, క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ బ్లూ స్క్రీన్లు ఎక్కువగా కోర్ వోల్టేజీ చాలలేదని చెబుతాయి. ప్రతిసారీ వేరే వేరే పేరుతో బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి. జిప్ ఫైల్ విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్, అన్‌రియల్ ఇంజిన్ ఆటలు షేడర్లు సిద్ధం చేసేటప్పుడు, గ్రాఫిక్స్ కార్డ్‌లో బోలెడంత మెమరీ ఉన్నా వీడియో మెమరీ చాలడం లేదని మెసేజ్: ఇవి కూడా ప్రాసెసర్ తడబాటుకి గుర్తులే, గ్రాఫిక్స్ కార్డ్‌ని తిట్టుకోకండి.

ఇదంతా దాటాక ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి, మెమ్‌టెస్ట్86 ఒకసారి, ఆ పైన వై-క్రంచర్, ప్రైమ్95 లార్జ్ మళ్లీ. ర్యామ్ స్పీడు పెరిగితే చిప్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది, ఇంతవరకు నిలబడిన కోర్ సెట్టింగ్ కూడా ఇక్కడ కదలొచ్చు.

తర్వాత రెండు మూడు వారాలు మామూలుగా వాడండి. స్లీప్‌లోకి పంపి లేపండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి బూట్ ఎలా ఉందో చూడండి. ఈ గడువులో ఒక్క తేడా కనబడినా 100 మెగాహెర్ట్జ్ దించేయండి, ఆ తేడా మీకు ఏ ఆటలోనూ తెలియదు.

బయోస్‌లో ప్రొఫైల్ సేవ్ చేసుకుని, అన్ని పేజీల ఫొటోలు మళ్లీ తీసుకోండి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ప్రొఫైళ్లు చెరిగిపోవడం, లేదా పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో లోడ్ కాకపోవడం మామూలే. అప్పుడు ఆ ఫొటోలు చూసి ఒక్కోటీ చేతితో ఎక్కించి, కొత్త బయోస్‌లో ఎల్‌ఎల్‌సీ స్థాయికి లోడ్ వీకోర్ ఎంత వస్తోందో కొలిచి, ఓసీసీటీ ఇంకో గంట నడపండి.